ఇవాళ్టి అంకె

పొద్దున్నే పడవల రేవు దగ్గర పలక మీద
సుద్దముక్కతో ఒక అంకె వేస్తాను.
ముప్పై నాలుగు.
అంతే నా ఉద్యోగం.
మిగతాది జనమే చదువుకుంటారు:
ఇవాళ బట్టలు ఉతకొచ్చా, రంపం ఆడించొచ్చా,
ఓర్ఫెలీనా వదిన ఉన్ని వడికే మిషను తిప్పొచ్చా,
లేక చేతి కదురే గతా.

బ్యాటరీల్లో మిగిలిన కరెంటు, నూటికి ఇంత.
నలభై ఒక్క గడపల ఉమ్మడి కుండ అది.
ఎవరు గరిటె లోతుగా ముంచినా
అడుగు గీసుకున్న చప్పుడు అందరికీ వినిపిస్తుంది.

చిలీ దక్షిణాన, చిలోయే దాపున,
చినుకు ఆగని దీవి మాది.
వారానికో పడవ. పడవలో పీపాలు. పీపాల్లో డీజిల్.
ముప్పై ఏళ్లు, సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా
ఆ ఐదు గంటలకూ కాపలా మా నోల్బెర్తో మామ.
పదకొండుకు ఐదు నిమిషాలుందనగా
దీపాలన్నీ ఒక్కసారి రెప్ప వేసేవి.
పక్కలు దులుపుకోండని ఆయన చెప్పడం అది.
ఏ ఇంట్లోనైనా పురుడంటే మాత్రం
తెల్లవార్లూ ఇంజను నడిచేది,
లెక్కలో రాయకుండా.

గాలిమర స్తంభం వచ్చిన రోజు
క్రేను లేదు, లారీ లేదు, రోడ్డు అసలే లేదు.
ప్వెర్తో మోంత్ నుంచి వచ్చిన ఇంజనీరు పిల్ల
తడిసిన కాగితాలు గుండెకు హత్తుకుని
"ఇప్పుడెలా?" అంది.
మావాళ్లు నవ్వారు.
ఇళ్లకు ఇళ్లనే దుంగల మీదికెక్కించి
ఎడ్లతో కొండ అవతలికి లాగినవాళ్లం,
కిటికీలో పూలకుండీ ఒరగకుండా.
ఇనప గొట్టం ఒక లెక్కా!
సగం దారిలో తాడు తెగింది.
స్తంభం దొర్లి బల్దోమేరో బంగాళదుంప చేలో పడింది.
ఆ రాత్రి ఆ నలిగిన దుంపలే ఉడికించి
ఊరందరికీ పెట్టాడాయన, తిట్లు నంజుకోడానికి.

అసలు కష్టం ఆ తర్వాత.
గాలిది ఒక నడక, ఎండది ఒక నడక,
డీజిల్‌ది ముసలి పెద్దరికం.
మూడింటినీ ఒకే కాడికి కట్టాలి.
సెకనుకు యాభై అడుగులు,
ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు.
మొదటి నెల పంతొమ్మిది సార్లు చీకటి.
ఆ పిల్ల తెర మీద గీతలు చూసేది.
మామ కళ్లు మూసుకుని వినేవాడు.
"గాలి పడిపోతుంది, ఇంజను ముట్టించు" అనేవాడు
గీత ఇంకా వంగకముందే.
ఎలా తెలిసిందంటే,
"నీటికాకులు బండ మీదికి చేరాయిగా."
ఆమె పుస్తకంలో రాసుకుంది: నీటికాకులు.
పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టింది.
వారానికి దాన్ని కొట్టేసింది.

ఇప్పుడు జూన్. తొమ్మిది రోజులుగా పొగమంచు.
గాలిమర కొయ్యలా నిలబడింది.
పలకల మీద ఎండ అనేది ఒక వదంతి.
పడవ లేదు. పీపాలు తడితే ఖాళీగా మోగుతున్నాయి.
మామ మంచం పక్కన ఆక్సిజన్ మిషను మాత్రం
రాత్రీ పగలూ గురగురమంటూనే ఉంది.
ముప్పై ఏళ్ల పొగ ఆయన ఊపిరితిత్తుల్లోనే
అద్దెకు దిగింది మరి.

"ఎంతుందే?" అన్నాడు నిన్న.
"ఇరవై ఆరు" అన్నాను.
మిషను వైపు చెవి పెట్టాడు.
"పంతొమ్మిది" అన్నాడు.
ఇంక నేనేమీ అనలేదు.
గొట్టం తీసెయ్యమన్నట్టు చెయ్యి ఎత్తాడు,
ఆ చేతిని పట్టుకుని దుప్పటి కిందికి నెట్టాను.

రాత్రి పదకొండుకు ఐదు నిమిషాలుందనగా
ఎవరూ చెప్పలేదు, ఎవరూ మీటింగు పెట్టలేదు,
కొండ దిగువన ఒక్కొక్క కిటికీ ఆరిపోయింది.
చేపలవాళ్ల ఫ్రీజరు మూలుగు కూడా ఆగింది.
మా కిటికీ ఒక్కటే మిగిలింది.

పొద్దుటికి పదకొండుకు దిగుతుందనుకున్న అంకె
పదిహేడు దగ్గర ఆగి ఉంది.
ఆ మధ్యలో ఆరు ఎవరివో
రాయడానికి పలక మీద గడి లేదు.
సుద్దముక్కతో పదిహేడు వేశాను.
ఓర్ఫెలీనా వదిన వచ్చి చూసింది,
తల ఆడించి,
చంకలో కదురు సర్దుకుని వెళ్లిపోయింది.